గేరు టక్‌మంది

మా అబ్బాయి హాస్టల్‌కి వెళ్ళాక వాడి రోడ్ సైకిల్ రెండేళ్ళు బాల్కనీలోనే ఉండిపోయింది. ఈమధ్య డాక్టరు షుగరుందనగానే మావారు దాని దుమ్ము దులిపారు. తీరా చూస్తే హ్యాండిల్‌కున్న కుడి గేరు మీట నొక్కితే ఊరికే ఊగుతోంది. గేరు మారదు.

షాపతను "అరిగిపోయాయండీ, రెండు వైపులా కొత్తవి వెయ్యాలి" అని ఎనిమిది వేలు చెప్పాడు. "అమ్మేద్దాంలే" అన్నారు మావారు. ఇంజనీరింగ్ వద్దన్నప్పట్నుంచీ తండ్రీకొడుకుల మధ్య మాటలు పొడిపొడిగానే ఉన్నాయి. నేనే వాడికి ఫోన్ చేశాను.

"అరిగి ఉండదమ్మా. లోపల చిన్న పళ్ళచక్రం, దాన్ని పట్టుకునే కొక్కెం ఉంటాయి. వాడకపోతే పాత గ్రీజు బంకలా గట్టిపడి కొక్కెం కదలదు. నాన్నకివ్వు" అన్నాడు.

ఇక వీడియో కాల్‌లో వైద్యం. మీట మీది రబ్బరు తొడుగు వెనక్కి లాగి, బ్రేకు మీద పడకుండా నా పాత చీర ముక్క చుట్టి, గ్రీజు కరిగించే స్ప్రే లోపలికి కొట్టారు. నొక్కడం, ఆగడం, మళ్ళీ కొట్టడం. నల్లటి మురికి కారింది. నూటికి పైగా నొక్కాక టక్‌మంది! తర్వాత ఒక చుక్క పల్చటి నూనె. లోపల పోగులు తెగిన గేరు వైరు మాత్రం కొత్తది వేయించాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి సైకిలుంటే మార్చేముందు ఒకసారి శుభ్రం చేసి చూడండి.

మర్నాడు తొక్కి వచ్చి, చెమటైనా తుడుచుకోకుండా మావారే వాడికి ఫోన్ చేశారు. గేర్ల గురించేనట. కాఫీ రెండుసార్లు వేడిచేశాను.