ఒక పాట పాడవే

మా ఇంట్లో ఏ ఫంక్షన్ జరిగినా, భోజనాలయ్యాక మా పెద్దత్త "ఏదీ, ఒక పాట పాడవే" అంటుంది. పదో తరగతి దాకా పాడాను. గుళ్ళో, స్కూల్ వార్షికోత్సవాల్లో, ఒకసారి టీవీలో కూడా. ఇంటర్‌లో మానేశాను. గొంతు పోలేదు, ఎవరూ వద్దనలేదు. పాడాలనిపించడం ఆగిపోయింది, అంతే. ఈ "అంతే"ని ఇప్పటిదాకా ఎవరూ నమ్మలేదు.

పోయిన సెమ్ పరీక్షల ముందు రాత్రి (ఇలాంటివన్నీ అప్పుడే కదా చూస్తాం!) సత్యజిత్ రే 1992లో ఆసుపత్రి మంచం మీద ఆస్కార్ పట్టుకుని మాట్లాడిన వీడియో చూశాను. చిన్నప్పుడు డియానా డర్బిన్‌కి ఉత్తరం రాస్తే జవాబొచ్చిందట. జింజర్ రోజర్స్‌కి రాస్తే రాలేదట. ఎవరీ డర్బిన్ అని వెతికాను. మర్నాటి పేపర్ సంగతి అడక్కండి.

1921లో కెనడాలో పుట్టింది. పదిహేనేళ్ళకే 'త్రీ స్మార్ట్ గర్ల్స్'తో స్టార్. దివాలా అంచున ఉన్న యూనివర్సల్ స్టూడియోని ఈ పిల్ల పాటలే నిలబెట్టాయంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కున్న ఆనీ ఫ్రాంక్ తన గది గోడకి అంటించుకున్న బొమ్మల్లో ఈవిడ ఫోటో కూడా ఉంది. అలాంటి మనిషి 1949లో, ముప్పై నిండకముందే, చాలు అనేసింది. మరుసటేడు దర్శకుడు చార్ల్స్ డేవిడ్‌ని పెళ్లి చేసుకుని ఫ్రాన్స్‌లో, పారిస్ దగ్గర నోఫ్ల్-ల్-షాతో అనే ఊళ్ళో కాపురం పెట్టింది. మళ్ళీ ఒక్క సినిమా చెయ్యలేదు. 1983లో ఒక సినిమా చరిత్రకారుడికి ఇంటర్వ్యూ ఇచ్చింది. 2013లో, తొంభై ఒక్కేళ్ళకి, పోయింది.

"శిఖరం మీద ఉండగానే దిగిపోయింది" అని రాస్తారు. నేనైతే ఒప్పుకోను. చివరి సినిమాలు అంతంతమాత్రంగానే ఆడాయి, రెండు పెళ్ళిళ్ళు విడాకులయ్యాయి. త్యాగమూ కాదు, వైరాగ్యమూ కాదు. తెర మీద అందరి కష్టాలూ తీర్చేసి పాటందుకునే ఆ బుద్ధిమంతురాలు తను కాదని ఆవిడకి తెలుసు. ముప్పై నిండకముందే ఆ సంగతి తెలిసింది. తరవాత అరవై ఏళ్ళకి పైగా మామూలు మనిషిలా బతికింది. నన్ను పట్టేసింది ఆ అరవై ఏళ్ళే. వాటి గురించి ఎవరూ పెద్దగా రాయరు, రాయడానికి ఏమీ జరగలేదు మరి.

మా నాన్న ఏడేళ్ళు సంగీతం ఫీజు కట్టాడు. శ్రుతిపెట్టె ఇప్పటికీ బీరువా మీదే ఉంది, దుప్పటి కప్పి. పెద్దత్త అడిగితే చిరాకేస్తుంది గానీ, నాన్న అడగడు చూడండి, అది కష్టం. నెలకోసారి ఆ దుప్పటి దులిపి మళ్ళీ కప్పుతాడు.

ఆ ఫ్రాన్స్ ఇంట్లో, వంటింట్లో, ఎవరూ లేనప్పుడు ఆవిడ పాడుకునేదా అని నాకూ అడగాలనిపించింది. వెంటనే సిగ్గేసింది. అడిగితే నేనూ పెద్దత్తనే అయిపోతాను.

వచ్చే నెల అన్నయ్య పెళ్లి. పెద్దత్త నిన్ననే ఫోన్ చేసింది.