నిత్యమూ శాశ్వతమూ

‘ఎప్పటికీ’ అన్న భావాన్ని చెప్పడానికి మనకు మాటల కొరత లేదు. నిత్యం, శాశ్వతం, కలకాలం, ఎల్లకాలం, ఆచంద్రతారార్కం... నిఘంటువులో ఇవన్నీ ఒకదానికొకటి అర్థాలు. వాడుకలో మాత్రం ఒకదాని చోట మరొకటి ఇమడదు. ‘నిత్యావసర వస్తువులు’ అంటాము గాని ‘శాశ్వతావసర వస్తువులు’ అనము. ‘శాశ్వత పరిష్కారం’ సహజంగా ఉంటుంది; ‘నిత్య పరిష్కారం’ అంటే ఆ సమస్యను రోజూ పరిష్కరించుకోవాలేమో అనిపిస్తుంది!

ఇక ‘చిరంజీవి’. చిరమంటే దీర్ఘకాలమే గాని అంతులేని కాలం కాదు. ఉత్తరాలలో పిల్లల పేర్లకు ముందు ఆ మాట వ్రాసిన పెద్దలు అమరత్వాన్ని కోరలేదు, చాలాకాలం బ్రతకమని దీవించారంతే. ‘కలకాలం’ కూడా అంతే వినయం గల మాట. కల కాలం, అంటే ఉన్నంత కాలం.

నిత్యశబ్దం గురించి పతంజలి మహాభాష్యం తొలి ఆహ్నికంలోనే ఒక చక్కని చర్చ ఉంది. నిత్యమంటే కదలక మెదలక ఉండేదని మాత్రమే కాదు, పదే పదే జరిగేదని కూడా అర్థమంటాడాయన. అందుకు ఆయన చూపిన ఉదాహరణలు ఎప్పుడూ నవ్వుతుండేవాడూ, ఎప్పుడూ వాగుతుండేవాడూ. మరి శాశ్వతం? దాని మూలం ‘శశ్వత్’ అనే అవ్యయం. అమరకోశం దానిని ‘మాటిమాటికీ’ అనే అర్థమిచ్చే మాటల వరుసలో చేర్చింది. ఎంతో స్థిరంగా కనిపించే ఈ రెండు మాటల లోపలా ఉన్నది ‘మళ్ళీ మళ్ళీ’ అన్నమాట!

మన శాసనాలు చదివినవారికి ఇది వింతగా తోచదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయం వంటి చోట్ల అఖండదీపాలకు దానాలిచ్చినవారు సూర్యచంద్రులున్నంత వరకూ ఆ దీపం వెలగాలని రాతిపై చెక్కించారు. కాని చెక్కించి ఊరుకోలేదు. పశువులను అప్పగించి, వాటిని మేపేవారు దీపానికి రోజూ ఇంత నెయ్యి పోయాలని ఏర్పాటు చేశారు. ఆచంద్రార్కమన్న ప్రతిజ్ఞ సూర్యచంద్రులది కావచ్చు. దాని భారం మోసినది మాత్రం ఏ పూటకాపూట నెయ్యి తెచ్చిన మనిషి.

మా నాన్నగారు పోయిన తరువాత ఊళ్ళో ఇల్లు అమ్మివేయవలసి వచ్చింది. ఏ దరఖాస్తు నింపినా ‘శాశ్వత చిరునామా’ అన్న గడి దగ్గర నా కలం ఆగిపోతుంది. ఆ ఇల్లిప్పుడు లేదు, ఉన్నది అద్దె ఇల్లు. ఏది వ్రాసినా అబద్ధమే అనిపిస్తుంది. గోడలు నిలుస్తాయనుకున్నాము, నిలవలేదు. నిలిచినది మరొకటి. రాత్రి భోజనాల తరువాత ఆయన మా చేత ఒక పద్యం చెప్పించేవారు. ఇప్పుడు నేను మా అమ్మాయి చేత చెప్పిస్తున్నాను. ఒకనాడు అది నిద్రమత్తులో సగమే చెబుతుంది, ఒకనాడు నేనే అలసిపోతాను. మరునాడు మళ్ళీ మొదలుపెడతాము.

శాశ్వతమైనది దేనినైనా మనం ఒక్కసారి కట్టి వదిలివేయలేమేమో. మళ్ళీ మళ్ళీ చేసినంత కాలమే అది ఉంటుంది. మానిన నాడు రాతిమీది అక్షరాలుంటాయి, దీపం ఉండదు.