ఎల్బీనగర్‌లో దిగే మొదటి సంవత్సరం

విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు రెండూ హైదరాబాదులోకి వచ్చేది ఎల్బీనగర్ వైపు నుంచే. సూర్యాపేట, నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, ఖమ్మం ప్రాంతాల నుంచి చదువుకోసం వచ్చే పిల్లలు నగరంలో మొదట దిగేది ఇక్కడ. పండక్కి ఇంటికి బస్సెక్కేదీ ఇక్కడే. అందువల్లనే ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, గడ్డిఅన్నారం సందులు హాస్టళ్లతో, కోచింగ్ సెంటర్లతో, స్టడీ హాళ్లతో, కర్రీ పాయింట్లతో నిండిపోయాయి. కానిస్టేబుల్, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లతో పాటు అక్కడ తలదాచుకునే మరో పెద్ద వర్గం బీటెక్, డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులు.

విదేశాల్లో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది ప్రయాణం శంషాబాద్ విమానాశ్రయం కన్నా నాలుగేళ్ల ముందే ఇలాంటి హాస్టల్ గదిలో మొదలైంది. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3.31 లక్షల పైచిలుకు. అందులో బ్యాచిలర్ డిగ్రీ చదివేవారు సుమారు 36 వేలే. మిగతా వాళ్లలో అత్యధికులు ఎమ్మెస్ వంటి పై చదువులకు వెళ్లినవాళ్లు, లేదా అవి ముగించి పని అనుమతి మీద ఉన్నవాళ్లు. అంటే అమెరికన్లు ఫ్రెష్‌మన్ ఇయర్ అని పిలుచుకునే ఆ మొదటి ఏడాది వీళ్లకు నాదర్‌గుల్‌లోనో, ఇబ్రహీంపట్నం దారిలోనో, కోఠీలోనో ఉన్న ఒక కాలేజీలో గడిచిపోయింది. అక్కడ అలవడినవీ అలవడనివీ వాళ్ల వెంటే విమానమెక్కాయి.

రెండు చోట్లా మొదటి ఏడాది స్వభావం వేరు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో కొత్త విద్యార్థి ఏ శాస్త్రం ప్రధానంగా చదవాలో వెంటనే తేల్చుకోనక్కరలేదు. మొదటి వారాల్లోనే విద్యార్థి సంఘాలన్నీ మైదానంలో బల్లలు వేసుకుని కొత్తవాళ్లను పిలుస్తాయి. ప్రతి ప్రొఫెసరూ వారంలో ఫలానా వేళ గది తలుపు తీసి ఉంచుతారు. తెలుగు విద్యార్థికి మాత్రం ఎంసెట్ (తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్) ర్యాంకు, కౌన్సెలింగ్ కలిసి కాలేజీనీ బ్రాంచినీ ముందే ఖాయం చేసేస్తాయి. ఇక తేల్చుకోవలసింది రోజును ఎలా గడపాలన్నదే.

అక్కడే అసలు చిక్కు. ఇంటర్ రెండేళ్లూ, ముఖ్యంగా రెసిడెన్షియల్ కాలేజీల్లో, తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా గంట కొట్టేది వేరెవరో. ఎప్పుడు లేవాలి, ఏ పాఠం ఎప్పుడు చదవాలి, ఎప్పుడు పడుకోవాలి, అన్నీ పై నుంచి వచ్చేవే. వారం వారం పరీక్ష, ఆ మార్కులు ఇంటికి మెసేజీ. బీటెక్‌లో ఈ ఏర్పాటంతా ఒక్కసారిగా మాయమవుతుంది. 75 శాతం హాజరు ఉంటే చాలు, మొదటి మిడ్ పరీక్ష దాకా చదివావా అని అడిగే నాథుడు ఉండడు. ఇంటర్‌లో తొంభై దాటి తెచ్చుకున్నవాళ్లు మొదటి సెమిస్టర్ గణితంలో బ్యాక్‌లాగ్ పెట్టుకోవడం ఏటా కనిపించే సంగతే. తెలివి ఎక్కడికీ పోలేదు; ఖాళీ సాయంత్రాన్ని తనంతట తాను పంచుకోవడం ఆ వయసు దాకా వాళ్లకు ఎవరూ నేర్పలేదు, అంతే.

ఈ మార్పు కష్టమని ప్రభుత్వ సంస్థలూ గుర్తించాయి. ఇంజినీరింగ్ కాలేజీల్లో చేరినవారికి మూడు వారాల పరిచయ కార్యక్రమం జరపాలని ఏఐసీటీఈ 2017లో చెప్పింది. యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరుతో దాన్నే అన్ని కాలేజీలకూ విస్తరించింది. ఉద్దేశం మంచిది. అయితే సభ, ఉపన్యాసాలతో రెండు రోజుల్లో ముగించిన చోట అది కొత్తవాళ్లకు ఏమీ మిగల్చదు. సీనియర్లను చిన్న చిన్న బృందాలకు తోడిచ్చిన చోటే అది పనిచేస్తుంది. ర్యాగింగ్ భయం కూడా అలాగే తగ్గుతుంది. 1997 నాటి చట్టం, 2009 నాటి యూజీసీ నిబంధనలు శిక్ష చూపించి ఆపుతాయి, పరిచయం మాత్రం మనుషులే చేసుకోవాలి.

కాలేజీ ఇవ్వని చదువులో చాలా భాగం హాస్టల్ ఇస్తుంది. నలుగురికో అయిదుగురికో ఒక గది, ఒక బాత్రూం. ఏడున్నరకు కాలేజీ బస్సు అంటే ఆరుకే బకెట్టు వరసలో పెట్టాలి. నల్గొండ పిల్లవాడు, ఒంగోలు పిల్లవాడు, ఆదిలాబాద్ పిల్లవాడు ఒకరి యాసను ఒకరు ఆటపట్టిస్తూ మొదలుపెట్టి, జ్వరమొస్తే ఒకరికొకరు ఇడ్లీ పార్శిల్ తెచ్చిపెట్టుకునేదాకా వస్తారు. డబ్బు లెక్క కూడా ఇక్కడే వంటబడుతుంది. నెల మొదట్లో ఇంటి నుంచి ఫోన్‌పేలో పడిన మొత్తం ఇరవయ్యో తారీఖు దాకా నిలవాలంటే సాయంత్రం మిర్చీబజ్జీ ఎన్నిసార్లు తినొచ్చో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి.

కాగితాల పని మరో బడి. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ చాలా కుటుంబాలకు బీటెక్‌ను అందుబాటులోకి తెచ్చింది. అది అందాలంటే మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తీయాలి, ఈపాస్‌లో దరఖాస్తు పెట్టాలి, వేలిముద్ర వేయాలి. బస్‌పాస్‌కు బోనఫైడ్ కావాలి. బోనఫైడ్ మీద ముద్ర సరిగా పడలేదని తిప్పి పంపితే, మర్నాడు కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, “సార్, స్టాంపు కనపడట్లేదంటున్నారు, ఇంకోసారి వేస్తారా?” అని అడగాలి. అప్పటిదాకా ఇలాంటివన్నీ నాన్నే చూసుకున్న పిల్లకు ఆ ఒక్క వాక్యం బయటికి రావడానికి పది నిమిషాలు పడుతుంది. రెండోసారి వెళ్లినప్పుడు ఆ జంకు ఉండదు. ఈ ధైర్యాన్ని ఏ మార్కుల పత్రమూ చూపించదు కానీ, తర్వాత పరాయి దేశంలో బ్యాంకు ఖాతా తెరవడానికీ, ఇంటి యజమానితో మాట్లాడటానికీ అక్కరకొచ్చేది ఇదే.

భాష సంగతి ఇంకా లోతైనది. ప్రభుత్వ బడిలో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మొదటి నెలల్లో పాఠం కన్నా పాఠం చెప్పే ఇంగ్లీషే బరువు. వైవాలో జవాబు తెలిసి కూడా నోరు పెగలదు. గదిలో రోజూ అరగంట తోటివాళ్లకు పాఠాన్ని తిరిగి చెప్పేవాళ్లు, అది సగం తెలుగైనా సరే, రెండో సెమిస్టర్‌కల్లా తేలికపడతారు. మౌనంగా నోట్సు ఎక్కించుకునేవాళ్లకు ఆ బెరుకు నాలుగేళ్లూ ఉండిపోతుంది.

ఇక క్యాంపస్‌లో దొరికే అవకాశాలు. 1981లో మొదలైన నాదర్‌గుల్‌లోని ఎంవీఎస్సార్ కాలేజీ మొదలుకొని సాగర్ రోడ్డు పొడవునా ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువగా ఊరి వెలుపలివి. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ కూడళ్లలో పొద్దున్నే మెడలో ఐడీ కార్డుతో నిలబడ్డ గుంపులను ఎక్కించుకుని పోయిన బస్సులు సాయంత్రం తరగతులు కాగానే బయల్దేరతాయి. క్లబ్బుల సమావేశాలు, ఆటలు, నాటకం రిహార్సళ్లు జరిగేది సరిగ్గా ఆ వేళకే. బస్సు తప్పితే వేరే దారి వెతుక్కోవాలి గనక విద్యార్థి బస్సునే ఎంచుకుంటాడు. అవకాశాలు లేవనే మాటలో చాలా భాగం ఈ బస్సు వేళే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, కాలేజీ బస్సు వెళ్లిపోయినా అమ్మాయిలకు తిరుగు ప్రయాణం ఖర్చు అడ్డం కావడం లేదు. కాలేజీలు వారంలో రెండు రోజులైనా ఒక బస్సును ఆలస్యంగా నడిపితే అబ్బాయిలకూ ఆ తలుపు తెరుచుకుంటుంది.

ఉన్నవాటిలో అందరికీ అందుబాటులో ఉన్నది జాతీయ సేవా పథకం. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల గ్రామ శిబిరం. ఒక ఊళ్లో వారంపాటు ఉండి ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్న విద్యార్థికి తెలియని మనిషి గుమ్మంలో నిలబడి మాట కలపడం వస్తుంది. ఏ పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సూ దీనికి సాటిరాదు. ఎన్‌సీసీ సీట్లు తక్కువ, కాబట్టి చేరిన కొత్తలోనే అడగాలి. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కు జట్టు కట్టేటప్పుడు సీనియర్లు మొదటి ఏడాది వాళ్లను వెతుక్కుంటూ రారు, వీళ్లే వెళ్లి చేరాలి.

నగరాన్ని కూడా క్యాంపస్‌గా లెక్కపెట్టుకున్నవాళ్లకు 2018 సెప్టెంబరు 24 ముఖ్యమైన తేదీ. ఆ రోజు అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీ పాత పుస్తకాల దుకాణాలు దగ్గరే. 1924లో మొదలై, 2022లో విశ్వవిద్యాలయమైన కోఠీ మహిళా కళాశాల కూడా అక్కడే. 1891లో పుట్టిన అసఫియా గ్రంథాలయం, అంటే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అక్కడికి ఎంతో దూరం లేదు. అమీర్‌పేటలో రైలు మారితే రాయదుర్గం వైపు అంకుర సంస్థల కేంద్రం టీ-హబ్, 2023లో తెరిచిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ ఉన్నాయి. యంత్రాలతో వస్తువు తయారయ్యే తీరును కళ్లారా చూసినవాడికి వర్క్‌షాప్ ల్యాబ్ మీద గౌరవం పెరుగుతుంది.

వీటన్నిటి లెక్క నాలుగో ఏడాదిలో తేలుతుంది. ఎమ్మెస్ దరఖాస్తుకు విశ్వవిద్యాలయాలు సాధారణంగా రెండు మూడు సిఫార్సు లేఖలు అడుగుతాయి. అప్పుడు స్టాఫ్ రూమ్ ముందు నిలబడ్డ విద్యార్థిని అధ్యాపకుడు రోల్ నంబరుగా తప్ప ఎరగకపోతే, ఆ ఉత్తరంలో రాయడానికేమీ ఉండదు. మొదటి ఏడాదిలో ఒక సందేహంతో ఒక్కసారి ఆ గదిలోకి వెళ్లినవాడికి రెండోసారి వెళ్లడం సులువు. ప్రాజెక్టులూ, సలహాలూ ఆ రాకపోకల్లోనే పుడతాయి.

మొదటి ఏడాది ముగిసేసరికి పై తరగతికి వెళ్లడానికి సరిపడా క్రెడిట్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. బ్యాక్‌లాగులు ఉంటే వేసవి సెలవులు వాటికే. లేనివాళ్లకు 2017 నుంచి నడుస్తున్న ‘స్వయం’ పోర్టల్‌లోని ఉచిత కోర్సులు, చిన్నపాటి ఇంటర్న్‌షిప్‌లు ఉన్నాయి. జూన్, జూలైల్లో తిరిగొచ్చాక చాలామంది హాస్టల్ ఖాళీ చేసి, నలుగురు కలిసి సరూర్‌నగర్‌లోనో కొత్తపేటలోనో గది అద్దెకు తీసుకుంటారు. అడ్వాన్సు ఎంతో మాట్లాడుకోవడం, గ్యాస్ సిలిండర్, కరెంటు బిల్లు, వంట వంతులు అన్నీ వాళ్లే చూసుకుంటారు.