మేము పలికిన ఆమేన్

ప్రసంగ పీఠము మీద నిలబడి చెప్పలేకపోయిన మాట ఒకటి ఈ పత్రిక ద్వారా మీతో చెప్పుకోవాలని ఉంది. ఇది మా ఇంటిలో జరిగిన సంగతి. ఇందులో మా సాక్ష్యము కంటే మా తప్పే ఎక్కువగా ఉన్నది. అయినను చెప్పుట మంచిదని వ్రాస్తున్నాము.

మాది పాకాల దగ్గర ఒక పల్లె సంఘము. మందిరము ప్రక్కనే రెండు గదుల పాస్టరు ఇల్లు. దేవుడు మాకు ఇద్దరు ఆడపిల్లలను ఇచ్చాడు. పెద్దపాప నాలుగవ తరగతి, చిన్నపాప ఒకటవ తరగతి. తెల్లవారితే మా ఇల్లు ఎట్లుంటుందో ఆడపిల్లలున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒకరికి రిబ్బను దొరకదు, మరొకరికి పలక కనబడదు. పిల్లల తల్లి సంగటి గెలికి దించి, ఆ వేడి చేతులతోనే వచ్చి జడలు అల్లుతుంది. ఊరిబిండి కారమని చిన్నది ఏడిస్తే, తనకు చాలలేదని పెద్దది అలుగుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు చాప పరచి కుటుంబ ప్రార్థన చేసుకుంటాము. చిన్నపాప ప్రార్థనలో మేము, బడిలో టీచరమ్మ, ఎదురింటి మేకపిల్ల, అందరమూ వరుసగా వస్తాము.

చెనిక్కాయలు పెరికే రోజులలో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక పెద్దావిడ పచ్చి చెనిక్కాయలు ఒడి నిండా తెచ్చింది. పిల్లలకు ఆమె అంటే ప్రాణము. ఆమె ప్రతి నెలా వచ్చి మా కొరకు ప్రార్థించి పోతుంది. ఆనాడు కూడా అందరమూ మోకరించాము. ఆమె కన్నీటితో, "తండ్రీ, మా అయ్యగారికి ఇద్దరూ ఆడబిడ్డలే అయిపోయినారు. ఇంటిపేరు నిలబెట్టేదానికి ఒక మగబిడ్డను ఇయ్యి" అని ప్రార్థించింది.

మేము అలవాటు చొప్పున గట్టిగా "ఆమేన్" అన్నాము. మా వెనుకనే పెద్దపాప కూడా అన్నది. చిన్నపాప అనలేదు. అది మేము అప్పుడు గమనించలేదు.

మరునాడు చిన్నపాప పావడా కట్టుకోనన్నది. కనకాంబరాలు పెట్టబోతే తల విదిలించుకొన్నది. మూడవ రోజున కత్తెర తెచ్చి తల్లి చేతిలో పెట్టి, "జడ కత్తిరించమ్మా, క్రాపు కొట్టించు" అన్నది. ఎండకు తల చెమట పట్టి విసుగు పుట్టిందేమో అనుకొని నవ్వుకొన్నాము. ఆ రాత్రి చాప మీద ఆమె ప్రార్థన వంతు వచ్చింది. మేకపిల్ల రాలేదు, టీచరమ్మ రాలేదు. "దేవా, నన్ను మగపిల్లోడిని చెయ్యి. మా నాయన అడిగినాడు గదా" అన్నది.

ఇరవై ఏండ్లుగా ప్రార్థన గూర్చి బోధిస్తున్న మాకు ఆ ప్రార్థనకు ఆమేన్ అనుటకు నోరు రాలేదు.

పిల్లలు నిద్రపోయిన తరువాత ఇద్దరమూ చాలాసేపు కూర్చున్నాము. ప్రార్థించినది ఆ పెద్దావిడే, మేము కాదు గదా అని మొదట సర్దిచెప్పుకొన్నాము. కాని ఆమేన్ అంటే అట్లే జరుగును గాక అని అర్థము. ఆ మాట మాదే. అప్పుడు పిల్లల తల్లి మెల్లగా, "చిన్నది పుట్టినప్పుడు ఆడపిల్ల అని నర్సమ్మ చెప్తే మీరు వెంటనే స్తోత్రము అనలేదు, ఒక నిమిషం ఆగినారు" అన్నది. మాకు ఆ నిమిషము గుర్తే లేదు. ఆమె ఆరేండ్లుగా దానిని మోస్తూ ఉన్నది.

తెల్లవారగానే చిన్నపాపను ఒడిలో కూర్చోబెట్టుకొని, "ఆ రోజు నాయన ఆమేన్ అన్నది తప్పమ్మా. మాకు నువ్వే కావాల" అన్నాము. ఆమె మా ముఖములోకి చూసి, "దేవునికి చెప్పినావా?" అని అడిగింది. ఇంకా చెప్పలేదన్నాము. "అయితే చెప్పు" అన్నది. ఆ బిడ్డ ప్రక్కనే మోకరించి చెప్పాము.

తరువాత ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లాము. మందలించాలని కొంత కోపముతోనే వెళ్లాము. ఆమె వసారాలో కాయలు ఒలుస్తూ మా మాట అంతా విన్నది. "నాకు నలుగురూ ఆడబిడ్డలే అయ్యగారూ. నాలుగోది పుట్టినప్పుడు మా అత్త తొంగి చూడలేదు. పథ్యం కూడు పెట్టే దిక్కు లేదు. పాస్టరమ్మకు ఆ గతి రాకూడదని అడిగినా" అన్నది. మా కోపము ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఇప్పుడు కూడు పెట్టేది ఎవరని అడిగాము. "ఆ నాలుగోదే" అని కొంగుతో కళ్లు తుడుచుకొని నవ్వింది.

ప్రియులారా, ఆమె అనుభవించిన ఆ బాధ మన పల్లెలలో ఇంకా ఉన్నది. అందుకే ఆ నెల స్త్రీల కూడికకు ఈసారి మగవారిని కూడా పిలిచి, కొన్ని సంగతులు విప్పి చెప్పాము. పుట్టే బిడ్డ ఆడా మగా అనేది తండ్రి నుండి వచ్చే బీజకణమును బట్టి ఉంటుంది. ఆడబిడ్డను కన్నదని కోడలిని నిందించుట అన్యాయమే గాక అజ్ఞానము కూడా. గర్భములోని శిశువు ఆడా మగా అని బయటపెట్టుటను నిషేధిస్తూ 1994లో చట్టము వచ్చింది.

ఆస్తి మాట కూడా చెప్పాము. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, కొడుకులు లేని తమ తండ్రి పేరు ఎందుకు మాసిపోవాలని మోషే యెదుటనే నిలిచి అడిగారు. వారు అడిగినది న్యాయమని దేవుడే తీర్పు చెప్పాడు. మన దేశములో క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, తండ్రి వీలునామా వ్రాయకుండా చనిపోతే, భార్యకు మూడవ వంతు పోగా మిగిలినది బిడ్డలందరికీ సమానమే. కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు. పెండ్లయి పోయిందని ఆ హక్కు పోదు. ఇది విని వెనుక వరుసలో ఇద్దరు ముగ్గురు సర్దుకొని కూర్చున్నారు.

ఆ తరువాత కొద్దిరోజులకు పిల్లల తల్లికి వైద్యము కొరకు అందరమూ పాకాలలో రైలెక్కి, కాట్పాడిలో దిగి రాయవేలూరు వెళ్లాము. మన ప్రాంతమువారికి ఆ పెద్దాసుపత్రి కొత్త కాదు. క్యూలో కూర్చున్నప్పుడు పిల్లలకు దాని కథ చెప్పాము. 1870లో రాణిపేటలో మిషనరీ డాక్టరు గారింట పుట్టిన ఐడా స్కడర్ గారికి మొదట ఈ దేశములో సేవ చేయాలనే తలంపే లేదు. ఆమె యౌవనములో తిండివనంలో ఉండగా ఒకే రాత్రి ముగ్గురు మగవారు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల కొరకు ఆమెను రమ్మన్నారు. ఆమె తండ్రి వైద్యుడే గాని, మగవైద్యుని లోపలికి రానియ్యమన్నారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్లి 1899లో వైద్యపట్టా పొంది, 1900లో ఒక్క మంచముతో ఇక్కడ వైద్యము ఆరంభించారు. 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల తెరిచారు.

పెద్దపాప ఎన్నో ప్రశ్నలడిగింది. చిన్నపాప ఒక్కటే అడిగింది. "ఆమెకు క్రాపు ఉండిందా?"

లేదమ్మా, ఫోటోలలో జుట్టు ముడి వేసుకొని ఉంటుందని చెప్పాము. ఏమీ అనలేదు. తిరుగు రైలులో తల్లి ఒడిలో తల పెట్టి పడుకొని, "రేపు రెండు జడలు వెయ్యి" అన్నది.

మీ ఇంటిలోనూ ఎవరో ప్రేమతోనే ఇట్టి ప్రార్థన చేయవచ్చు. ఆమేన్ అనకముందు, మీ ప్రక్కన చాప మీద ఎవరు మోకరించి ఉన్నారో ఒకసారి కన్ను తెరిచి చూడండి. అన్న తరువాత తప్పు తెలిస్తే, ఆ బిడ్డ యెదుటనే ఒప్పుకొనుటకు సిగ్గుపడకండి. ఈ ఉదయము మా ఇంటిలో మళ్లీ రిబ్బను కనబడలేదు. బడి గంట కొట్టేదాకా అందరమూ వెదికాము. అందు నిమిత్తము దేవునికి స్తోత్రము.