నెట్ స్పీడ్ మస్తుంది, మాట మాత్రం ఆగుతుంది

పోస్టు జర పొడుగుంటది, కానీ తండాల నెట్ పెట్టించుకున్నోళ్లకు పనికొస్తది.

మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు దుబాయ్‌కి మనిషిని పంపని తండా అరుదు. అక్కడ వాట్సాప్ కాల్ నడవదు, బోటిమ్ లాంటి యాప్‌లల్లనే మాట్లాడాలె. మా తండాల ఐదిండ్లోళ్లం పైసలు కలిపి ఒక ఇంట్ల ఫైబర్ పెట్టించినం. స్పీడ్ టెస్ట్ చేస్తే 50 ఎంబీపీఎస్ చూపిస్తది. రాత్రి 9 అయితే బాపు మాట ముక్కలు ముక్కలు. "ఆఁ? ఏమన్నవ్?" అనుడే సరిపోతది. పైగా మాలో ఒక చెల్లెకు వచ్చే వారం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఆపరేటర్‌ను అడిగితే నెలకు ఇంకో 300 పెట్టి పెద్ద ప్లాన్ తీసుకోండి అన్నడు. పైసలు కట్టే ముందు అసలు రోగం ఎక్కడుందో చూద్దామనుకున్నం.

స్పీడ్ వేరు, లేటెన్సీ వేరు. ఫ్రీ ఫైర్ ఆడే తమ్ముళ్లకు పింగ్ అంటే ఎరుకే; మన దగ్గర్నుంచి ఒక చిన్న ప్యాకెట్ పోయి తిరిగి వచ్చే టైము. ఫైబర్ల వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతది. హైదరాబాద్ మనకు ఇంచుమించు 200 కిలోమీటర్లు. అంటే పోయి రావడానికి 2 మిల్లీసెకన్లు. తొవ్వ వంకర్లు తిరిగినా, మధ్యల మిషన్లున్నా 20, 30 దాటొద్దు. మరి 300 ఎందుకొస్తుంది? దూరం వల్ల కాదు, ఎక్కడో ఆగుడు వల్ల.

మొదలు రౌటర్‌నే పింగ్ చేసినం (మాది 192.168.1.1, మీది రౌటర్ కింద రాసి ఉంటది). ఒకే అర్రల 3, 4 మిల్లీసెకన్లు. వెనక అర్రల 80 నుంచి 250, కొన్ని అసలే రాలే. రౌటర్ ఇనుప బీరువా వెనకున్నది! తీసి తలుపు పైన గూట్లె పెట్టినం. వెనక అర్రకు 2.4 గిగాహెర్ట్జ్, ముందు అర్రకు 5 వాడుతున్నం. 5 వేగమే, కానీ గోడ దాటినంక సన్నబడతది.

రెండోది అప్‌లోడ్. రాత్రి ఎవరో ఒకరి ఫోన్ల ఫొటోల బ్యాకప్ నడుస్తనే ఉంటది. ఐకేపీ సెంటర్ల వడ్ల ట్రాక్టర్లు లైన్ కట్టినంక, బండి మీద ఒక్క సంచి తెచ్చినాయన కూడా ఆగాల్సిందే కదా, గట్లనే మన మాట ప్యాకెట్ ఫొటోల వెనక నిలబడతది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటరు. బ్యాకప్‌లు పొద్దుగాలకు మార్చినం. కాల్ చాలా వరకు సక్కబడ్డది.

అయినా 9 గంటలకు కొంత మిగిలింది. అన్ని ఫోన్లు బంద్ చేసి, ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి 8.8.8.8 కు వందేసి పింగ్‌లు కొట్టినం. పొద్దున 7 గంటలకు 22, ఒక్కటీ పోలే. రాత్రి 9కి 140, నాలుగైదు పోయినయి. అదే టైముల రౌటర్‌కు 1 మాత్రమే. ఎల్ఓఎస్ ఎర్ర లైటు కూడా వెలుగుతలేదు, వెలిగితే వైరు తెగినట్టు. మూడు రాత్రులు గిదే లెక్క. అంటే జామ్ ఆయన దిక్కున్నది. రోడ్డు మీద జామ్ అయితే మన వాకిలి వెడల్పు చేసుకుంటే ఏం లాభం? ఆ 300 మేం కట్టలే.

లెక్కల ఫొటోలు పెట్టి కంప్లైంట్ ఇచ్చి డాకెట్ నంబర్ తీసుకున్నం. నోటి మాటకు నంబర్ ఉండదు, అది గుర్తుంచుకోండి. పని కాకపోతే ఆ కంపెనీల్నే అప్పీల్ అథారిటీ ఉంటది, ట్రాయ్ రూలు. ట్రాయ్ మాత్రం ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు.

ఇంకో మాట. భారత్‌నెట్ లెక్క గ్రామ పంచాయతీది. 2018ల మన తండాలు మస్తు పంచాయతీలైనయి. మిషన్ భగీరథ పైపుల కాలువల్లనే టీ-ఫైబర్ వైరు కూడా వేసిన్రు. మీ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిందా, పెట్టె వెలుగుతుందా, సెక్రటరీ సార్‌ను అడిగి చూడండి. మేం సోమవారం పోతున్నం.

చెల్లె ఇంటర్వ్యూ పొద్దున 11కే పెట్టించుకున్నది. ఆ గంట రౌటర్ పక్కన కూసుంటది, మిగతా నాలుగిండ్లల్ల వైఫై బంద్. మీ తండాల రాత్రి 9 లెక్క ఎంతొస్తుందో కింద రాయండి.