మూడు రోజుల ముందు చెప్పాలి

2025 మే నెలలో మా హాస్టల్ టీవీ గదిలో కాలు పెట్టే చోటు లేదు. పరీక్షలు ముంచుకొస్తున్నా అందరం అక్కడే. "ఒక్కటి వేస్తే పీడ పోతుంది కదన్నా" అన్నాడు డిగ్రీ తమ్ముడొకడు. ఆ 'ఒక్కటి' ఏమిటో అందరికీ తెలుసు. చప్పట్లు కొట్టాం. రాజనీతి శాస్త్రంలో ఎం.ఎ. చదువుతూ మేమూ కొట్టాం, దాచడమెందుకు?

7వ తేదీన విశాఖలో మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "యుద్దమట కదరా, ఇసాకలో నేవీ ఉంది కదా, అక్కడికొస్తాయేటి బాంబులు?" మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే కనుక జవాబూ మేమే చెప్పాలి. చెప్పలేకపోయాం. ఆ సిగ్గుతోనే సెమినార్‌కు ఈ విషయం తీసుకున్నాం.

1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో మన పరీక్షలు, 28, 30 తేదీల్లో బలూచిస్తాన్‌లో వాళ్ళవి. అమెరికా, జపాన్ ఆంక్షలు పెట్టాయి. జూన్ 6న భద్రతామండలి 1172వ తీర్మానంతో రెండు దేశాలనూ ఖండించింది. ఎవరూ బాంబు వదులుకోలేదు. 2001లో అమెరికా ఆంక్షలు ఎత్తేసింది.

మమ్మల్ని ఆకట్టుకున్నవి రెండు చిన్న ఒప్పందాలు. ఒకటి 1988 డిసెంబర్ 31న, రాజీవ్ గాంధీ ఇస్లామాబాద్ వెళ్ళినప్పటిది. ఒకరి అణు కేంద్రాలపై ఒకరు దాడి చేయరాదు. ఏటా జనవరి 1న వాటి జాబితా ఇచ్చిపుచ్చుకోవాలి. 1992లో మొదలైంది. పార్లమెంటుపై దాడి జరిగి సైన్యాలు సరిహద్దుకు చేరిన 2002లోనూ ఆగలేదు. రెండోది 2005 అక్టోబర్ 3న. బాలిస్టిక్ క్షిపణిని పరీక్షించే ముందు కనీసం 3 రోజులు ముందుగా ఎదుటివారికి చెప్పాలి. పేపర్లో 'అగ్ని పరీక్ష విజయవంతం' అని చదివి మనం మురిసేటప్పటికి అటువాళ్ళకు ఆ కబురు ముందే చేరి ఉంటుంది! మన గేటు దగ్గరి అవుటింగ్ రిజిస్టర్ లాంటిదే. రాయకుండా ఊరెళ్ళిన రాత్రి ఎంత గోల అవుతుందో పాత విద్యార్థులకు వేరే చెప్పాలా?

ఈ ఒప్పందం క్రూయిజ్ క్షిపణులకు వర్తించదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో మియాన్ చన్నూ దగ్గర పడింది. ఎవరికీ ప్రాణహాని లేదు. వాళ్ళు మన రాయబార అధికారిని పిలిపించి నిరసన తెలిపారు. మన రక్షణ శాఖ 11న విచారం వ్యక్తం చేసి విచారణకు ఆదేశించింది. ఆ రెండు రోజులూ అక్కడి పెద్దలు మా టీవీ గదిలో మాదిరిగా ఆలోచించి ఉంటే? ఈ పేజీ రాసేటప్పుడు చాలాసేపు కలం కదల్లేదు.

ఇదంతా గదిలో చదివి వినిపిస్తే సిక్కోలు తమ్ముడు ఒకటే అడిగాడు: "జాలర్ల జాబితా కూడా ఆ రోజేనా అన్నా?" ఆ రోజే. 2008 ఒప్పందం ప్రకారం ఖైదీల, మత్స్యకారుల పేర్లు జనవరి 1న, జూలై 1న మార్చుకుంటారు. 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడిన మన ఉత్తరాంధ్ర జాలర్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. వాళ్ళ పక్క ఊరివాళ్ళూ అందులో ఉన్నారట. టీవీ గదిలో చప్పట్లు కొట్టనిది వాడొక్కడేనని అప్పుడు గుర్తొచ్చింది.

2026 జనవరి 1న, యుద్ధం జరిగిన ఎనిమిది నెలలకు, ఢిల్లీలో, ఇస్లామాబాద్‌లో ఒకేసారి మళ్ళీ జాబితాలు చేతులు మారాయి. 35వ సారి. అమ్మకు ఫోన్ చేసి చెప్పాం.

"అయితే మాటలున్నాయన్నమాట" అంది. తర్వాత, "తిన్నావేటి?" అని అడిగింది.