ఆ ఏనుగుని ముట్టుకోకపోయి ఉంటే?

నెదర్లాండ్స్‌లో సముద్రం ఒడ్డున వైక్ ఆన్ జీ అని చిన్న ఊరుంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో బెవర్‌వైక్ వెళ్లి, అక్కడ బస్సెక్కాలి. ఒకపక్క ఇసుక దిబ్బలు, ఇంకోపక్క స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు. జనవరి చలిగాలికి చెవులు మొద్దుబారిపోతాయి. అయినా చెస్ పిచ్చోళ్లకి ఇది పుణ్యక్షేత్రం!

స్టీల్ కంపెనీ పేరుతో 1938లో బెవర్‌వైక్‌లో మొదలైన టోర్నీ, 1968లో ఈ ఊరికొచ్చింది. ఇప్పుడు దాని పేరు టాటా స్టీల్ చెస్. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2022లో ఇక్కడే ఛాలెంజర్స్ విభాగం గెలిచాడు. ఆడేది ఓ మామూలు కమ్యూనిటీ హాల్లో. గ్రాండ్‌మాస్టర్లు ఆడే హాల్లోనే వందలమంది మామూలు ఆటగాళ్లూ కూర్చుని ఆడుకుంటారు.

నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చింది మాత్రం 1999 జనవరి 20న జరిగిన ఒక్క గేమ్. తెల్ల పావులతో కాస్పరోవ్, నల్ల పావులతో 23 ఏళ్ల తొపలోవ్. 24వ ఎత్తులో కాస్పరోవ్ ఒక బంటు కోసం ఏకంగా ఏనుగునే ఎదురుపెట్టేశాడు. తొపలోవ్ దాన్ని తీసుకున్నాడు. అంతే, వేట మొదలైంది. నల్ల రాజు బోర్డంతా దాటుకుంటూ తెల్లవాళ్ల మొదటి వరుస దాకా పరిగెత్తాల్సి వచ్చింది. 44వ ఎత్తుకి తొపలోవ్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మీ ఫోన్లో ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్‌ని అడగండి. ‘ఏనుగు జోలికి పోకు, రాజుని బి6కి జరుపు’ అని చిటికెలో చూపిస్తుంది. తొపలోవ్ ఆ పని చేసుంటే గేమ్ నిలబడేది. కానీ ఇన్నేళ్ల తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు.

రోజంతా కోడ్‌లో తప్పులు వెతికే ఉద్యోగం నాది. తప్పు కనిపిస్తే తీసెయ్యాలనే అనిపిస్తుంది. ఈ గేమ్‌లో మాత్రం ఆ ఎత్తుని తీసేస్తే మిగిలేదేమీ లేదు. అందరూ కాస్పరోవ్‌నే మెచ్చుకుంటారు. నాకైతే సగం చప్పట్లు తొపలోవ్‌కే కొట్టాలనిపిస్తుంది. విసిరిన సవాలుని అతను తీసుకున్నాడు కదా! అదే తొపలోవ్ ఆరేళ్లకి, 2005లో, ఫిడే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.